తల్లి పేరు రాయవలసిన గడి

పళ్ళ ల్యాబు మీది గది,
వానలు మొదలైన వారం

అమ్మా,

ఈ ఉత్తరాన్ని ఏదైనా మంచి మాటతో మొదలుపెట్టాలని చాలాసేపు చూశాను. దొరకలేదు. ఉన్నదే రాస్తాను. ఈరోజు విదేశీయుల ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేశాను. తల తుడుచుకున్నాక మళ్ళీ వెళ్ళి ఇంకోసారి చేశాను. అయినా ఆ హాలు వాసన పోలేదు.

నీకు తెలుసు, నాకు ఊరికే రోత పుట్టదు. ఈ ఊరివాళ్ళ నోళ్ళ అచ్చులు రోజంతా నా బల్ల మీదే ఉంటాయి. పుచ్చినవి, ఊడినవి, చిగుళ్ళ గుంటలు, అన్నీ ప్లాస్టరులో పోసి, మైనం దిద్ది, కట్టుడు పళ్ళు చేస్తాను. ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు. అక్కడ మాత్రం మూసుకున్నాను. కూర్చునే బల్లల కింద నమిలి అంటించిన బంక ముద్దలు. గొలుసుతో కట్టేసిన పెన్ను, దాని చివర ఎవరెవరో కొరికిన పళ్ళ గాట్లు. గుమస్తాలు కూర్చునే కిటికీ అద్దానికి మా వైపంతా నుదుళ్ళ జిడ్డు. వాళ్ళ వైపు తళతళలాడుతోంది. మా వైపు తుడవాలని ఎవరికీ తోచలేదు. పేరు పెట్టి పిలవరు. చీటీ మీది నంబరు గోడమీద వెలుగుతుంది, పరుగెత్తాలి. ఒక పెద్దాయన లేచి నడిచేలోపు ఆయన నంబరు దాటిపోయింది. అంత వయసున్న మనిషి మళ్ళీ చీటీ తీసుకుని మొదటి నుంచీ కూర్చున్నాడు. ఎవరూ కిక్కురుమనలేదు. నేనూ అనలేదు. ఇంటికొచ్చాక ఆ సంగతే ఎక్కువ రోతగా ఉంది.

అసలు విషయానికి వస్తాను. ఈ దేశంలో నేను ఉండడానికిచ్చిన అనుమతి ఈ ఏడాదితో ఆఖరు. యజమాని నన్ను ఉంచుకుంటానంటున్నాడు, మంచి మాటే కాగితం మీద రాసిచ్చాడు. కొత్త కార్డుకి మాత్రం పుట్టిన కాగితం కావాలట. ఇదివరకు బడి కాగితం సరిపోయింది, ఇప్పుడు సరిపోదట. నువ్వు మునిసిపల్ ఆఫీసులో అడిగి తీసుకుని పంపు. అందులో నీ పేరు ఉండదని నాకు తెలుసు. నన్ను కని కన్నుమూసిన నీ చెల్లెలి పేరు ఉంటుంది. ఉండనీ. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, నిజానికి భయమేముంది?

ఫోన్లో చెప్పచ్చు. కానీ ఫోన్లో నువ్వు అన్నిటికీ "ఆ, ఆ" అంటావు, పెట్టేశాక ఒక్క ముక్క గుర్తుండదు. ఉత్తరమైతే ఎవరిచేతనైనా మళ్ళీ చదివించుకోవచ్చు.

నీ సన్నాయి


ఇస్త్రీ బండి, రిజిస్ట్రాఫీసు గోడ పక్క

సన్నాయీ,

నీ ఉత్తరం స్టాంపులాయన చదివి పెట్టాడు. ఇది రాస్తున్నదీ ఆయనే. మన బండి పక్కన బల్లేసుకుని దస్తావేజులు రాస్తాడే, కాలరు కాస్త వంగితే పక్షవాతం వచ్చినట్టు మొహం పెడతాడు, ఆయన. మొదట "సదరు కుమార్తెకు తెలియజేయునది ఏమనగా" అని మొదలెట్టాడు. కొట్టేయించాను. నా పిల్ల నాకు సదరేంటయ్యా? (దస్తావేజు మర్యాద అది. ఇకపై చెప్పింది చెప్పినట్టే రాస్తాను. — రాసేవాడు)

పుట్టిన కాగితం తీసుకున్నాను. జనన మరణాల గుమస్తా మూడుపూటలు తిప్పాడు. నాలుగో పూట వాడి కూతురి పెళ్ళిచూపుల చీర పట్టుకొచ్చి, "మడత నలక్కుండా సాయంత్రానికి కావాలమ్మా" అన్నాడు. "నాకూ సాయంత్రానికే కావాలి బాబూ" అన్నాను. ఇద్దరికీ సాయంత్రానికి అయిపోయింది. కాగితం మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి కుట్టాను. బ్లేడుతో కుట్లు విప్పు, పళ్ళతో లాగకు.

టీకొట్టువాడు నీ పాత నోటుపుస్తకాలు పొయ్యిలోకి అడిగాడు. అడిగిన నోరు మూసుకునేలా చెప్పాను. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకోక చేతులు పడిపోతున్నా నేను కొబ్బరిపీచే వాడతాను గానీ, అక్షరం ఉన్న కాగితం అంటించను. వీడి పొయ్యికి ఇస్తానా?

ఒక్కటే చెప్తున్నా విను. ఆ కాగితం ఇచ్చి ఊరుకో. అడిగినదానికే బదులు చెప్పు. అడగని కథ చెప్పకు. నువ్వు చదువుకున్నదానివి, నిజం చెప్పేస్తే పనైపోతుందనుకుంటావు. ఆఫీసులకి కావలసింది నిజం కాదు, ఒకదానితో ఒకటి సరిపోయే కాగితాలు.

ఒంట్లో జాగ్రత్త. ఆ ప్లాస్టరు దుమ్ము పీల్చకు.

మీ అమ్మ


పళ్ళ ల్యాబు మీది గది

అమ్మా,

నువ్వు అడగని కథ చెప్పకన్నావు. వాళ్ళు అడిగారు, నేను చెప్పాను.

ఈసారి నాలుగో కిటికీలో ఒకావిడ. వేలు నాలుక మీద అద్దుకుని కాగితాలు తిప్పుతుంది. నువ్వు అట్టల మధ్య పెట్టి కుట్టి పంపిన కాగితం మూల ఆవిడ ఎంగిలితో తడిసింది. గాజు పలకకి ఇవతల నిలబడి ఆ తడి ఆరేదాకా దాన్నే చూస్తున్నాను.

"బడి కాగితంలో ఒక తల్లి, ఇందులో ఒక తల్లి. మీకెంతమంది తల్లులు?" అంది.

"ఇద్దరు" అన్నాను. సిగ్గు లేకుండా, కాస్త గర్వంగానే అన్నాను. "కన్నావిడ నేను పుట్టగానే పోయింది. ఆవిడ అక్క పెంచింది. మాలో తల్లికి అక్క కూడా తల్లే."

"మీలో ఎలాగో మాకక్కర్లేదు. ఇక్కడ ఒక్కరే పడతారు. గడి ఒక్కటే ఉంది" అని ఫారం తిప్పి చూపించింది. నిజమే. తల్లి పేరు రాయవలసిన గడి ఒక్కటే ఉంది. అదీ ఇరుకు.

తండ్రి పేరు దగ్గర రెండు కాగితాల్లోనూ గీతే ఉంది. దానిమీద ఆవిడకి ఏ అనుమానమూ లేదు. గీతకీ గీతకీ సరిపోయింది మరి. నువ్వు చెప్పినట్టే.

"రెండింట్లో ఒకటి అబద్ధం కాగితం. అబద్ధం కాగితం పెట్టినవాళ్ళని పంపించేస్తాం" అంది. ఆ మాట చెబుతూ వెనకున్నావిడతో మధ్యాహ్నం ఎక్కడ తిందామని మాట్లాడుకుంటోంది. ఒక నోటితోనే రెండూ. చివరికి ఒక దారి చూపించింది. కన్నతల్లి పోయినట్టు ప్రమాణం చేసి సంతకం పెట్టమంది, పెట్టాను. దానికి తోడు మరణ ధ్రువపత్రం జత చేయాలట. అది పెడితే పెంచిన తల్లి పేరు బడిలో ఎందుకు పడిందో వాళ్ళకి అర్థమవుతుందట.

ఆ జనన మరణాల గుమస్తా దగ్గరకే మళ్ళీ వెళ్ళు. ఇంకో చీర ఇస్త్రీ చెయ్యాల్సి వస్తుందేమో. వెంటనే పంపు.

సన్నాయి


ఇస్త్రీ బండి

సన్నాయీ,

ఆ కాగితం దొరకదు. గుమస్తా బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినవాడు సెలవులో ఉన్నాడు. అప్పట్లో ఆసుపత్రి కూడా వేరే చోట ఉండేది, అది పడగొట్టేశారు. ఆ ఏడాది రిజిస్టరుకి చెద పట్టిందట. వానకి తడిసిందని కూడా అంటున్నారు. (చెద సంగతి నేను ధ్రువీకరించలేను. — రాసేవాడు) ఈయన మాట పట్టించుకోకు, ఈయనకి అన్నీ సాక్షి సంతకాలే కావాలి.

ఇంకేదైనా చూపించలేవా? మీ యజమాని చెబితే వినరా? లేకపోతే ఆ కిటికీ కాకుండా ఇంకో కిటికీకి వెళ్ళు. ఒక కొట్లో ఇవ్వకపోతే ఇంకో కొట్లో అడగమూ?

వానలకి బట్టలు ఆరడం లేదు. హోటలువాళ్ళ దుప్పట్లు తడివే తెచ్చి పడేస్తున్నారు, ఇస్త్రీపెట్టె పెడితే పొగ. దగ్గు కాస్త ఉంది. పెద్దదేం కాదు. టీకొట్టువాడు కొట్టు మారుస్తున్నాడు. స్టాంపులాయనకి కంటి అద్దాలు మారాయి. ఇంకేం లేవు విశేషాలు.

మీ అమ్మ


పళ్ళ ల్యాబు మీది గది

అమ్మా,

అబద్ధమాడినప్పుడు నీ మాటలు పొడుగవుతాయి. చిన్నప్పుడు నా జుట్టు కత్తిరించేముందు కూడా నువ్వు ఇలాగే వాన గురించీ దుప్పట్ల గురించీ మాట్లాడేదానివి. చెదలూ వానా ఒక్క రిజిస్టరు మీదే పడ్డాయా? నువ్వు అసలు ఆ ఆఫీసుకి వెళ్ళలేదు. అవునా?

నేను తిరిగి వచ్చేయాలని నీ మనసులో ఉందా? ఉంటే ఉందని చెప్పు. చెదల్ని అడ్డం పెట్టకు.

ఇక్కడ సంగతి చెబుతాను, విను. నిన్న యజమాని పిలిచి కూర్చోబెట్టాడు. చెడ్డవాడు కాదు. "నీ చెయ్యి మంచిది. కానీ కార్డు లేని చేతిని నా బల్ల మీద ఉంచితే నా ల్యాబు మూయిస్తారు. ఏడాది చివరి వరకూ చూస్తాను" అన్నాడు. మా బల్లల్లో ఒకటి అప్పుడే ఖాళీ అయింది. అక్కడ పనిచేసినావిడ కూడా నాలాగే బయటి దేశంనుంచి వచ్చింది. కాగితం రాలేదు, వెళ్ళిపోయింది. సగం చెక్కిన పన్ను, ఆవిడ మైనం కత్తి, ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఎవరూ తీయరు. అందరం దాని పక్కనుంచి నడుస్తాం.

మన ఇంట్లో ఎవరికైనా కూర్చుని పనిచేసే బల్ల ఉందా అమ్మా? నువ్వు తెల్లారి నుంచి నిలబడే ఉంటావు. నా పేరు రాసి ఉన్న మొదటి బల్ల ఇది. ఆ గాజు వెనక కూర్చున్న ఆవిడ ఎంగిలి వేలితో దీన్ని లాగేసుకుంటుంటే, నువ్వు ఇంకో కొట్లో అడగమంటావా?

ఏం దాస్తున్నావు?

సన్నాయి


ఇస్త్రీ బండి

సన్నాయీ,

దాచాను. చెప్తున్నా.

చావు కాగితం లేదు, ఎందుకంటే చావు లేదు. నా చెల్లి బతికే ఉంది.

పెళ్ళి కాకుండానే నువ్వు దాని కడుపున పడ్డావు. వాడెవడో చెప్పలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. నువ్వింకా పాలు తాగుతుండగానే దానికి దూరపు సంబంధం వచ్చింది. "వాళ్ళకి పిల్ల సంగతి తెలియదక్కా. నెలలో వచ్చి తీసుకుపోతా" అంది. ఆ నెల ఇంకా అవలేదు. నువ్వు ఒకటే ఏడుపు, పొద్దస్తమానం సన్నాయి ఊదినట్టు. అందుకే ఆ పేరు.

(ఇక్కడ ఆవిడ లేచి పెట్టెలో బొగ్గులు మార్చి వచ్చారు. — రాసేవాడు)

నిన్ను బడికి తీసుకెళ్ళినప్పుడు హెడ్మాస్టరు, తల్లి పేరు అన్నాడు. దాని పేరు చెబితే ఎక్కడుందంటాడు. నా పేరు చెప్పాను. తండ్రి పేరు అన్నాడు. నాకు పెళ్ళి కాలేదని ఆ బడి ముందు బఠాణీలు అమ్మేవాడికి కూడా తెలుసు. పెన్ను పైకెత్తి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "గీత పెట్టండి సార్" అన్నాను. పెట్టాడు. ఆ చూపు తర్వాత వీధి వీధంతా చూసింది. వచ్చిన ఒకటీ అరా సంబంధాలు కూడా ఆ గీత దాటి లోపలికి రాలేదు. రాకపోతే పోయాయి. నాకేమన్నా అరిగిపోయిందా?

చచ్చిపోయిందని ఎందుకు చెప్పావని అడుగుతావు. బతికుండి రాని తల్లి కోసం పిల్లలు వాకిట్లోకి చూస్తూ కూర్చుంటారు. చచ్చినదాని కోసం చూడరు. అన్నం తిని పడుకుంటారు. నువ్వు తిని పడుకున్నావు. నాకది చాలనిపించింది. ఆ అబద్ధం తిరిగి తిరిగి నీ అన్నానికే అడ్డం వస్తుందని తెలియలేదు.

నువ్వు తిరిగి రావాలని నాకు లేదు. నీ బల్ల దగ్గర నువ్వు కూర్చో.

మీ అమ్మ


పళ్ళ ల్యాబు మీది గది

పెద్దమ్మకు,

ఉత్తరం అందింది.

నాకిప్పుడు ఎవరి మీద అసహ్యమో తేల్చుకోవడం కష్టంగా ఉంది. నెలలో వస్తానని వెళ్ళినావిడ మీదా, నీ మీదా, ఆ నాలుగో కిటికీ మీదా. అన్నిటికన్నా నా మీద. మా అమ్మ చచ్చిపోయిందని నేను ప్రమాణం చేసి సంతకం పెట్టాను. మన ఇంట్లో సంతకం పెట్టడం వచ్చింది నాకొక్కదానికే. ఆ ఒక్క సంతకంతో నీ అబద్ధం వాళ్ళ బీరువాలోకి వెళ్ళి కూర్చుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని నువ్వు నవ్వేదానివి. నవ్వు.

ఆఫీసులో అడిగాను. తల్లి ఉన్న చోటు ఇప్పుడే తెలిసిందని చెప్పాను. కిటికీ ఆవిడ, "చచ్చిపోయినావిడ దొరికిందా?" అని పక్క కిటికీతో చెప్పి నవ్వింది. పక్క కిటికీ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. కార్డు వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి. ఆ నవ్వు ఇంకా నా మూతికి అంటుకునే ఉన్నట్టుంది, తుడిస్తే పోవడం లేదు.

రెండు దారులున్నాయి. కన్నావిడ తానే తల్లినని రాసి వేలిముద్ర వేయాలి. ఆవిడ ఒప్పుకోకపోతే, బడి కాగితంలో తల్లిగా ఉన్న మనిషి ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ మాటలు వాళ్ళే అచ్చువేసి ఇచ్చారు. మన భాషలోకి తిప్పి రాస్తున్నాను. "పై వ్యక్తి నా కుమార్తె కాదు. ఆమెతో నాకు తల్లిగా ఏ సంబంధమూ లేదు. బడిలో తప్పుడు సమాచారం ఇచ్చింది నేనే."

ఏది పంపినా త్వరగా పంపాలి.

ఇట్లు


ఇస్త్రీ బండి

సన్నాయీ,

స్టాంపులాయన నీ ఉత్తరం "అమ్మా" అని చదివాడు. నాకు అక్షరాలు రావు గానీ కళ్ళున్నాయి. ఎప్పుడూ ఆ చోట చిన్న మాట ఉంటుంది, ఈసారి పొడుగ్గా ఉంది. "ఏం రాసిందో సరిగ్గా చదవవయ్యా" అంటే అప్పుడు చదివాడు. ఆయన్నేమీ అనకు. (తప్పుగా చదివినందుకు క్షమించాలి. — రాసేవాడు)

నా చెల్లి ఊరు వెళ్ళాను. ఇనప గేటు, మేడ ఇల్లు. గేటు కొట్టాను. అదే వచ్చింది. జుట్టు నెరిసింది గానీ గొంతు అచ్చం మా అమ్మ గొంతే.

"ఎవరు కావాలి?" అంది.

లోపల మనుషుల అలికిడి వినబడి, "ఇస్త్రీకి బట్టలున్నాయా అమ్మా?" అన్నాను. లోపల్నుంచి ఎవరో పిల్లాడు, "ఎవరమ్మా?" అన్నాడు. "ఇస్త్రీ ఆవిడలే" అంది. గుర్తుపట్టింది, సన్నాయీ. గేటు దగ్గరగా లాగి అడ్డం నిలబడింది. నేను గొంతు తగ్గించి, "నువ్వు కూర్చున్న చోటు నుంచి కదపను. ఒక్క వేలిముద్ర వెయ్యి. పిల్ల అన్నం అక్కడ ఆగిపోయింది" అన్నాను.

"ఏ పిల్ల?" అంది.

ఆ రెండు మాటలే. తర్వాత లోపలికెళ్ళి, వాళ్ళాయన చొక్కాలు నాలుగు తెచ్చి నా చేతిలో పెట్టింది, లోపలున్నవాళ్ళకి అనుమానం రాకుండా. ఎన్ని మురికి గుడ్డలు ముట్టుకున్నానే ఈ చేతులతో. ఆసుపత్రి దుప్పట్లు ఉతికాను. చీమూ నెత్తురూ చూశాను. వాటికెప్పుడూ ఒళ్ళు జలదరించలేదు. శుభ్రమైన ఆ నాలుగు చొక్కాలు పట్టుకుంటే జలదరించింది. గేటు మీద వేసి వచ్చేశాను.

ఇక రెండోది. స్టాంపు కాగితం తెప్పించాను. నువ్వు రాసిన మాటలే, ఒక్కటి తగ్గకుండా, స్టాంపులాయన సిరా పెన్నుతో రాశాడు. రాసి ఆగాడు. "ఇంకో రకంగా చూస్తే ఇది మీకు మంచిదేనమ్మా. ఇన్నేళ్ళ మచ్చ పోతుంది" అన్నాడు. మచ్చలు పోగొట్టడం నా పని, నాకు చెప్తున్నాడు! "అది మచ్చ కాదయ్యా, రంగు. నేనే అద్దుకున్నా" అన్నాను. వేలు పెట్టమన్న చోట పెట్టాను. మసి పోకపోతే నా వేలు కనబడదని సోడాతో కడుక్కుని మరీ పెట్టాను.

నీకు పని జరగాలి. కాగితం మీద కాకపోతే నాకేం? ఉప్పు కాదని రాసినంత మాత్రాన ఉప్పు చప్పబడదు.

అడ్రసు స్టాంపులాయన రాశాడు. చివర ఇట్లు అని ఏం పెట్టాలో తెలియక వదిలేశాం.


పళ్ళ ల్యాబు మీది గది

అమ్మా,

కార్డు వచ్చింది.

ఎలా వచ్చిందో విను. నీ కవరు పట్టుకుని వెళ్ళాను. నాలుగో కిటికీలో కొత్త మనిషి, చిన్నవాడు. కవరు చించను కూడా చించలేదు. గాజు కింద సందులోంచి వెనక్కి తోసేశాడు.

"ఇది అక్కర్లేదు. కొత్త ఫారంలో తల్లి పేరు గడి లేదు. ఈ నెల నుంచి తీసేశారు."

"మరి ఇన్నాళ్ళూ?" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఉంది" అన్నాడు. ఎగతాళి కాదు, అమ్మా. ఎగతాళయినా ఓర్చుకునేదాన్ని. వాన ఆగింది అన్నట్టు అన్నాడు.

"తల్లి చనిపోయిందని ప్రమాణం చేశాను. అది తప్పు. దాన్ని ఏం చేయాలి?" అన్నాను. "దాన్నెవరు చదువుతారు?" అని గోడమీది నంబరు మార్చేశాడు. నా వెనకాయన అప్పటికే నన్ను నెట్టుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

ఎవరూ చదవరట. ఎవరూ చదవని దానికోసం నేను నిన్ను ఆ గేటు ముందు నిలబెట్టాను. ఇస్త్రీకి బట్టలున్నాయా అని అడిగించాను. ఇంతా చేస్తే వాళ్ళు ఒక గడి తీసేశారు, అంతే. కోపం వచ్చినా బాగుండును, కోపంలో కాస్త వేడైనా ఉంటుంది. నాకు వచ్చింది రోత. అరచేతికి అంటినట్టు, కడుక్కుని చూసినా ఇంకా ఉంది.

ల్యాబులో చప్పట్లు కొట్టారు. యజమాని చెయ్యి కలిపి, ఖాళీగా ఉన్న పక్క బల్లని కూడా నన్నే వాడుకోమన్నాడు. ఆ వెళ్ళిపోయినావిడ మైనం కత్తి గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను. పారేయమన్నారు, పారేయలేదు.

గదికి వచ్చి కవరు నేనే చించాను. అచ్చులు చూసే కళ్ళు కదా, రాతకన్నా ముందు ముద్ర చూశాను. నీ బొటనవేలి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది చూడు, అడ్డంగా. అది ముద్రలో కూడా పడింది, తెల్లటి గీతలా. ఆ వేలు పట్టుకునే నేను బడికి వెళ్ళాను. దాని మీద రాసి ఉన్నది చదివాను. అవి నేను పంపిన మాటలే. నేను చదువుకుని రాసిన వాటిల్లో ఇంత నీచమైన వాక్యం ఇంకోటి లేదు.

కిందటి ఉత్తరంలో పైన నిన్ను పిలిచిన మాటకి నన్ను తిట్టు. నువ్వు తిట్టేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

ఈ కాగితం వెనక్కి పంపుతున్నాను. నా గదిలో కాల్చడానికి లేదు, పొగ వస్తే భవనమంతా గంట మోగుతుంది. అక్షరం ఉన్న కాగితం నిప్పులో వేయవని తెలుసు. ఈ ఒక్కదానికి ఆ నియమం పక్కన పెట్టు. పొద్దున్నే బొగ్గులు రాజేసేటప్పుడు కొబ్బరిపీచు బదులు దీన్ని వాడు.

నీ సన్నాయి


ఇస్త్రీ బండి

సన్నాయీ,

తిట్టను. పని ఉంది.

నువ్వు చెప్పావని ఆ కాగితం ఇస్త్రీపెట్టె దగ్గరికి తీసుకెళ్ళాను. చెయ్యి రాలేదు. అంత వెధవ రాతయినా అక్షరం అక్షరమే కదా. అక్షరాలు ఏం చేస్తాయి, రాయించినవాళ్ళ కొవ్వు గానీ. నువ్వొక పక్క కాల్చమంటావు, నా చెయ్యేమో కాల్చనంటుంది. కాసేపు అలా నిలబడి, ఇంత ఆలోచన దేనికి, నాకొచ్చిన పని నేను చేస్తాననుకున్నా.

ఉతికాను.

పళ్ళెంలో నీళ్ళు పోసి, చిటికెడు సోడా వేసి, పట్టుచీర నానబెట్టినట్టు నానబెట్టాను. రుద్దలేదు, చిరుగుతుంది. సిరా దానంతటదే వదిలింది. ముందు "కాదు" పోయిందట, అది మొదటి వరస చివర్న ఉంది కాబట్టి. స్టాంపులాయన చూసి గుండె పట్టుకున్నాడు. "అమ్మా, స్టాంపు కాగితం ఉతకడం నేరం! జైల్లో పెడతారు!" అని గోల. "ఎవరు చదువుతారట?" అన్నాను. నోరు మూశాడు. (మూయలేదు. అభ్యంతరం తెలియజేశాను. — రాసేవాడు)

నీడన ఆరేసి, పైన పలచని గుడ్డ వేసి, పెట్టె వేడి తగ్గించి ఇస్త్రీ చేశాను. ఒక్క ముడత లేదు, చూసుకో. రాతంతా పోయింది గానీ వేలిముద్ర పోలేదు. అది నూనె సిరా, దాని మొండితనం దానిది. ఉండనీ అనుకున్నా. ఆ ముద్ర పైన ఖాళీ అంతా ఇప్పుడు మనది. ఎవరూ అడగలేదు, ఏ కిటికీలోనూ ఇవ్వక్కర్లేదు. అయినా రాయమన్నాను. ఈయన "సదరు" అని మొదలెట్టబోయాడు, చెయ్యి పట్టుకున్నాను. రెండు ముక్కలే రాయించాను. నీ బల్ల సొరుగులో పెట్టుకో, ఆ మైనం కత్తి పక్కన.

ఈమె నా కూతురు. బడిలో చెప్పింది నిజం.

(వేలిముద్ర పాతదే. — రాసేవాడు)